చెనిక్కాయంత గాలి

పొద్దున అయిదింటికి
పాల సెంటరు తలుపు తీసేది నేనే.
క్యాను మూత ఎత్తితే చాలు,
ఎవరింటి పాలో, ఎన్ని నీళ్లు తగిలాయో,
రాత్రి ఆవు పచ్చగడ్డి తిన్నదో ఉత్త వరిగడ్డో
చెప్పేస్తాను.
పదకొండేళ్లుగా ఫ్యాటు చూసి చీటీ రాస్తున్న చెయ్యి ఇది.

మురకంబట్టులో మా రెండు గదుల ఇంట్లో
ఇరవైమూడు రోజుల బిడ్డ
నాలుగు గుక్కలు తాగి, రొమ్ము వదిలేసి
విల్లులాగా వెనక్కి విరుచుకుంటుంది.
కాళ్లు కడుపులోకి ముడుచుకొని
ముఖం మదనపల్లె టమోటా చేసుకొని
అప్పుడు మొదలుపెడుతుంది.
దానికి ఏ లాక్టోమీటరు ముంచాలి?

మునిలత గోడకు తల ఆనించి కూర్చుంటుంది.
ఒళ్లో దిండు, దిండు మీద బిడ్డ,
కడుపు మీద కుట్లు ఇంకా పచ్చిగానే.
"నా పాలే మంచివి కావేమో"
అంటుంది, నా వైపు చూడకుండా.
ఊరందరి పాలకూ తీర్పు చెప్పేవాణ్ణి,
చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి
మళ్లీ చెంబు కొంచెం జరిపి పెడతాను.

తమలపాకుకి ఆముదం రాసి పొట్ట మీద వెయ్యమంది అత్త.
వస అరగదీసి నాకించమంది ఇంటి ఓనరమ్మ.
షంషాదక్క సోంపు నీళ్లు కాచి తెచ్చింది గిన్నెతో సహా.
మందుల షాపు పిల్లోడు
నేనడక్కుండానే గ్రైప్ వాటర్ సీసా తుడిచి ముందుపెట్టాడు.
మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేస్తే
ఆ ఘాటుకి దగ్గి దగ్గి నా కళ్లే కారాయి.
గుడియాత్తం నుంచి పెద్దమ్మ
ఫోన్లో అరవంలో తిట్టింది.
నన్నో, బిడ్డనో, గాలినో.

పెద్దాసుపత్రిలో ఎస్తేరు సిస్టరు
బిడ్డని తక్కెట్లో పడుకోబెట్టి
ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టింది.
"పెరిగిందయ్యా. ఒంటికి బాగానే పోస్తోందిగా?
ఇంకేం కావాలి? వస లేదు, సోంపు లేదు,
నీళ్లు కూడా లేదు. పాలే.
తాగినాక భుజాన వేసుకో. గాలి పోయిందాకా దించొద్దు."
"గాలా?"
"పాలతోబాటు మింగుతుంది.
నువ్వు పాల సెంటరోడివే కదా,
నురగ అణగకుండా కొలుస్తావా?"

కొలవను.
ఇన్నేళ్లలో ఒక్కనాడూ కొలవలేదు.

ఆ రాత్రి రెండున్నర.
రోడ్డు మీద తోతాపురి లారీలు
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కోసం వరస కట్టి ఉన్నాయి,
కిటికీలోంచి మాగిన కాయల వాసన.
ఎడమ భుజాన తుండుగుడ్డ, గుడ్డ మీద బిడ్డ.
పొయ్యి గట్టు నుంచి చెప్పుల దాకా,
చెప్పుల నుంచి పొయ్యి గట్టు దాకా.
వీపు మీద నా అరచెయ్యి
బిడ్డ కన్నా వెడల్పుగా ఉందని అప్పుడే చూశాను.
ఇరవై తిరుగుళ్ల దాకా లెక్కపెట్టాను.
తరవాత నిద్రలో నడిచాను.
ఎప్పుడో, చెవి పక్కనే
చెనిక్కాయ చిట్లినట్టు
టప్.

ఇంతేనా!
ఇంతకేనా మూడు వీధుల్ని లేపింది!
అనుకుంటూ ఉండగానే భుజం వెచ్చబడింది,
పెరుగు తరకల్లాంటి పాలు వీపు మీదికి జారాయి.
ఆ వెంటనే కింద నుంచి ఇంకొకటి,
ఇది చిన్నది కాదు,
మేస్త్రీ పని ముగించి దులుపుకున్నట్టు.
మునిలత కుట్లు పట్టుకొని నవ్వింది.
"నవ్వించొద్దు, నొప్పి" అంటూ నవ్వింది.
ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో
ఆ శబ్దం విన్నాకే లెక్క తెలిసింది.

సాయంత్రం మళ్లీ ఏడ్చింది లెండి.
రోజూ ఏడుస్తోంది. నడుస్తున్నాను.

కానీ ఆ తెల్లారి
చొక్కా మార్చుకోకుండానే సెంటరు తీశాను.
మొదటి క్యాను కన్నెమ్మవ్వది.
మూత ఎత్తబోతూ ఆగి, ముక్కు ఎగబీల్చి,
"పులిసిన వాసన. ఎవరి పాలురా విరిగింది?" అంది.
భుజం చూపించాను.
"ఓ... తాగిందా నాయనా బిడ్డ?"

తాగిందవ్వా.
తాగి, నాకూ కొంచెం పోసింది.